నీటికి వెఱవని చిన్న కెమెరా, వెలుగు నెఱిగిన పాత కెమెరా

(బరంపురములో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ఉపన్యాసము)



ఈ సభ యెదుట నేడొక చిన్న తీర్మానము కలదు. మన సంఘమునకు రెండు కెమెరాలున్నవి. ఒకటి పాతది, పెద్దది. రెండవది చిన్నది, నీట మునిగినను చెడనిది. పాతదానిని అమ్మివేసి, వచ్చిన సొమ్మునకు మరికొంత చేర్చి, చిన్నదానివంటిదే మరియొకటి కొనవలెనని తీర్మానము. గత సమావేశమున దానిని ప్రతిపాదించినవాడను నేనే. అమ్మకమునకు ముందు రెండింటిని పోల్చి చూడవలసినదని కార్యవర్గమువారు నాకే ఆ పని యప్పగించిరి. చూచితిని. చూచిన పిమ్మట నా ప్రతిపాదనను నేనే ఉపసంహరించుకొనుచున్నాను. అట్లేల చేయుచున్నానో విన్నవించుటకే మీ ముందు నిలిచితిని.

నేను ఛాయాగ్రహణ విద్య నభ్యసించినవాడను కాను, బట్టల వ్యాపారిని. రెండు సరకులను ప్రక్కప్రక్కన పరచి, చీటీమీది అంకెను మాత్రమే నమ్మక, చేతితో తడవి, వెలుతురున కెత్తి చూచుటయే నాకు తెలిసిన విద్య. ఈ రెండు కెమెరాలను కూడ ఆ విధముగనే చూచితిని.

పాతది నికాన్ డి-90. ఇది 2008 ఆగస్టులో లోకమునకు పరిచయమైనది. లెన్సును మార్చుకొనుటకు వీలుగల డీఎస్‌ఎల్‌ఆర్ జాతి కెమెరాలలో చలనచిత్రమును గూడ తీయగలిగిన మొదటిది యిదియే. లెన్సు లేక కేవలము పెట్టె బరువే 620 గ్రాములు. సాధారణముగ దానితో వచ్చు 18-105 లెన్సును తగిలించినచో కిలోకు మించును. చిన్నది ఒలింపస్ టఫ్ టీజీ-6. ఇది 2019లో వచ్చినది. బ్యాటరీతో, కార్డుతో కలిపి 253 గ్రాములు మాత్రమే తూగును. ఆ వ్యాపారము 2021 జనవరి నుండి వేరొక సంస్థ చేతికి పోయినది. దీని తరువాతిదైన టీజీ-7, 2023లో ఓఎం సిస్టమ్ అను పేరుతో వెలువడినది.

ఈ రెండింటి చీటీలమీద ఒక అంకె యొక్కటిగనే యున్నది. రెండును 12 మెగాపిక్సెళ్ళవే. అనగా రెండును బొమ్మను కోటి ఇరువది లక్షల చుక్కలుగా విభజించి నమోదు చేయును. ఆ యంకెను చూచియే నేను గత సమావేశమున మోసపోతిని. "రెండింటి పంటయు నొక్కటియే యైనప్పుడు బరువైనదానిని మోయనేల?" అంటిని. వ్యాపారములో ఇరువదియైదేండ్లుగా నున్నవాడను, నూలు లెక్క యొక్కటియైనంతమాత్రమున బట్ట యొక్కటి కాదని యెఱిగినవాడను, అట్లనవలసినది కాదు.

చుక్కలు సమానమేగాని, ఆ చుక్కలు పరచిన పొలము సమానము కాదు. కెమెరాలో లెన్సు వెనుక వెలుగును గ్రహించు చిన్న ఫలకమొకటి యుండును. పాత కెమెరాలో దాని కొలత 23.6 మిల్లీమీటర్ల పొడవు, 15.8 మిల్లీమీటర్ల వెడల్పు. చిన్నదానిలో 6.17 పొడవు, 4.55 వెడల్పు. హెచ్చవేసి చూచినచో మొదటిది సుమారు 373 చదరపు మిల్లీమీటర్లు, రెండవది 28. పాతదాని ఫలకము పదమూడు రెట్లు పెద్దది. వాన కురియుచుండగా ముంగిట ఒక గంగాళమును, ఒక గ్లాసును పెట్టితిమనుకొనుడు. కురిసిన వాన యొక్కటియే. నిండిన నీరు ఒక్కటి కాదు.

చిన్నదాని పక్షమున చెప్పవలసిన మాటయు గలదు. దాని లెన్సు ద్వారము ఎఫ్/2 వరకు తెరచుకొనును. పాతదానితో వచ్చు లెన్సు ఎఫ్/3.5 వరకే. ఆ లెక్కన ఫలకముపై ప్రతి చదరపు మిల్లీమీటరునకు చిన్నది మూడు రెట్లు వెలుగును పంపును. పదమూడును మూడుతో భాగించినను నాలుగు రెట్లకు పైగా వెలుగు పెద్దదాని వంతుననే మిగులును. చిన్నదాని ఫలకము పదునొకండేండ్ల పిమ్మట వచ్చినది గనుక నిర్మాణమున మెఱుగైనదే. ఆ మెఱుగు కొంత లోటును పూడ్చును గాని అంతయు పూడ్చదు. ఎండలో ఈ భేదము కంటికి కనబడదు. ఇంటిలో, సాయంకాలమున, దీపము వెలుగున బయటపడును.

ఇంతవరకు విన్నవారు, "అట్లైన చిన్నదానిని కొననేల?" అని యడుగవచ్చును. దానికి సమాధానముగ నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురము దగ్గర తీరము దాటినది. గంటకు 200 కిలోమీటర్ల వేగముతో వీచిన ఆ గాలిని ఈ సభలోని పెద్దలెవ్వరును మరువలేరు. మఱునాడు మా వీధిలో పెంకులెగిరిపోయిన ఇంటిలోనుండి ఒక పెద్దాయన నాకు కబురంపెను. ఆయన యింట ఒక ట్రంకు పెట్టె యుండెడిది. గంజాము ఇంకను మద్రాసు రాజధానిలో నున్న కాలమున, అనగా 1936కు పూర్వము, వారి తాతగారు తెలుగున వ్రాయించిన దస్తావేజులు, కుటుంబపు లెక్కల పుస్తకములు, పెండ్లి శుభలేఖలు అందులో నుండెను. పెట్టెలోనికి నీరు చేరినది; కాగితములు తడిసినవిగాని అప్పటికింకను చదువ వీలుగానే యుండెను. "బాబూ, ఆరబెట్టే చోటు లేదు. కెమెరా తెచ్చి బొమ్మలైనా తియ్యి" అని ఆయన కోరిక.

సంఘపు కెమెరా నా బీరువాలోనే యుండెను. బయట జల్లు ఆగలేదు. ఆ కెమెరాకు వాననుండి రక్షణ లేదు. సంఘపు సొత్తు తడిసిన నేనేమి సమాధానము చెప్పుదునని భయపడి, వాన వెలిసిన పిమ్మట వత్తునని కబురంపితిని. మూడవనాడు పోయితిని. కాగితములన్నియు నొకదానికొకటి యంటుకొని ముద్దయైనవి. సిరా కరగి నీలిమరకలైనది. విప్పబోయిన చోటనెల్ల చినిగినవి. పెద్దాయన నన్ను కోపింపలేదు. "నీ పెట్టె పొడిగానే ఉంది గదా బాబూ" అని మాత్రమనిరి.

తప్పు కెమెరాది కాదు, నాది. ఒక పాలిథీను సంచి, ఒక గొడుగు, వెంట వచ్చు పిల్లవాడొకడు — ఇంతమాత్రముతో ఆనాడు పని జరిగియుండెడిది. అయినను మనుష్య స్వభావమొకటి కలదు: విలువైన వస్తువును కాపాడవలెనను భయమున, అది ఏ పనికై కొనబడినదో ఆ పనినే మానుకొందుము. చిన్న కెమెరా గొప్పతనము ఆ భయమును తీయుటలో నున్నది. ఆనాడది నా చేత నున్నచో, బొమ్మలు కొంచెము గరుకుగా వచ్చినను, ఆ దస్తావేజులలోని మాటలు నేడు మన చేత నుండెడివి.

దాని దార్ఢ్యము మాటలలో చెప్పునది కాదు, కొలతలు గలది. 15 మీటర్ల లోతువఱకు నీటిలో పనిచేయును. 2.1 మీటర్ల ఎత్తునుండి పడినను తట్టుకొనును. 100 కిలోల బరువును సహించును. మైనస్ 10 డిగ్రీల చలిలో పనిచేయును. ఆ గుణముతో మన గంజామువారికి పని లేదు! లెన్సు బయటికి సాగదు, అంతయు పెట్టెలోపలనే జరుగును. కావున ఇసుకయు ధూళియు జొరబడు సందు లేదు. బుఢీ ఠాకురాణీ యాత్రలో పసుపు నీళ్ళ నడుమ, గోపాలపురపు టలలలో, చిలక సరస్సున పడవపై, పాత కెమెరాను పెట్టె తెఱచి చూచుటకే జంకుదుము. చిన్నదానిని జేబులో వేసికొని పోవుదుము.

అట్లని నిర్లక్ష్యము పనికిరాదు. నీరు చొరకుండ కాపాడునవి దాని తలుపుల చుట్టునున్న సన్నని రబ్బరు అంచులు. ఒక్క ఇసుక రేణువో, ఒక్క తల వెండ్రుకయో అక్కడ చిక్కినచో కట్టుదిట్టమంతయు వృథా. ఆ రబ్బరును ఏటికొకమారు మార్పించవలెనని తయారుచేసినవారే చెప్పుచున్నారు. ఉప్పునీట ముంచిన పిమ్మట మంచినీట కడిగి, తుడిచి, ఆరిన తరువాతనే తలుపు తెఱవవలెను. తడిచేతులతో బ్యాటరీ మార్చరాదు. యువకులు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకొనవలెను.

ఇక రెండవ వైపు వినుడు. ఇదియు నా తప్పే.

2021 చలికాలమున, తొంబదేండ్లకు చేరువైన మా మేనత్తగారిని చూడబోయితిని. పెండ్లిలో అలుకపాన్పు నాడు, అప్పగింతల నాడు పాడు పాటలు, మన వీధులలో ఇప్పుడెవరికిని రానివి, ఆమెకు కంఠస్థముగ నుండెడివి. ఆ సాయంకాలము గోడకానుకొని కూర్చుండి, ఒక చిన్న బల్బు వెలుగున, గంటసేపు పాడెను. నా జేబులో చిన్న కెమెరా యుండెను. పెద్దది బరువని తీసికొని పోలేదు. ఆమె మొగమును దగ్గరకు లాగి పది బొమ్మలు తీసితిని. వెనుకనున్న చిన్న తెరపై అన్నియు బాగుగనే కనబడినవి.

నెల తిరుగకముందే ఆమె కాలము చేసిరి. దినకార్యమునకు పటము కట్టింపవలెనని ఆ బొమ్మలను పెద్దవి చేయించితిమి. కండ్ల చుట్టునున్న ముడుతలు లేవు. తెల్లని వెండ్రుకల పోగులు లేవు. మొగము మైనపు బొమ్మ మొగమువలె నున్నది. ఎవరో యువతికి ముసలివేషము వేసి తుడిచివేసినట్లున్నది. మా అక్కగారు చూచి, "ఇది అత్త కాదురా" అనిరి.

కారణము నాకు పిమ్మట తెలిసినది. చిన్నదాని లెన్సు ద్వారము ఎఫ్/2 అంటినిగదా. అది దూరదృష్టి లేక విశాలముగ చూచునప్పుడు మాత్రమే. మొగమును దగ్గరకు లాగినకొలది ఆ ద్వారము కుంచించుకొని చివరకు ఎఫ్/4.9 అగును. అనగా వెలుగు ఆరవ వంతునకు పడిపోవును. అసలే చిన్న ఫలకము, దానిపై ఆరవవంతు వెలుగు. వెలుగు చాలనప్పుడు కెమెరా తన గ్రహణశక్తిని, అనగా ఐఎస్‌ఓను, బలవంతముగ పెంచును. అప్పుడు బొమ్మనిండ ఇసుక చల్లినట్లు చుక్కలు లేచును. ఆ చుక్కలను అణచుటకు కెమెరాయే బొమ్మను నునుపు చేయును. ఆ నునుపులో చుక్కలతోపాటు ముడుతలును పోవును. తొంబది యేండ్లు బ్రదికి సంపాదించుకొన్న ముడుతలవి.

కార్యవర్గము నాకప్పగించిన పరీక్షలో ఆ గదినే యెంచుకొంటిని. అదే గోడ, అదే బల్బు. మా అక్కగారిని అదే చోట కూర్చుండబెట్టి రెండు కెమెరాలతోను తీసితిని. పాతదానికి 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సును తగిలించితిని. డి-90 పెట్టెలోనే లెన్సును త్రిప్పు మోటారు కలదు గనుక, సెకండ్‌హాండుగ దొరకు పాతకాలపు ఆటోఫోకస్ లెన్సు కూడ దానిపై చక్కగ పనిచేయును. ఫలితము నేను చెప్పనక్కరలేదు. రెండు బొమ్మలును ఆ గోడకు తగిలించియున్నవి. సభ ముగిసిన పిమ్మట దగ్గరగా పోయి చూడుడు. ఏది ఏ కెమెరాదో క్రింద వ్రాయలేదు. వ్రాయనక్కరలేదు.

కావున నేను తేల్చుకొన్న దిది. చిన్న కెమెరా మనము పోలేని చోటికి పోవును. పాత కెమెరా, పోయిన చోట మనము చూచినదానిని ఉన్నదున్నట్లు నిలుపును. ఒకటి కాలు, ఒకటి కన్ను. కాలున్నదని కన్నును అమ్ముకొనరాదు.

మన సంఘము చేయబూనిన పనికి ఈ మాటను అన్వయించి చెప్పెదను. మన కుటుంబములలోని పాత తెలుగు దస్తావేజులు, ఉత్తరములు, పాఠశాల రిజిస్టర్లు, తాటియాకు పుస్తకములు అన్నిటిని బొమ్మలు తీసి భద్రపరుపవలెనని నిశ్చయించితిమి. ఇంటిలో, బల్లమీద పరచి తీయు కాగితములకు పాత కెమెరాయే తగినది. దానిని ట్రైపాడ్‌పై నిలిపి, కాగితమునకు సమాంతరముగ వంచి, ఐఎస్‌ఓ 200 దగ్గర, ద్వారము ఎఫ్/8 దగ్గర నుంచి, కిటికీనుండి వాలుగా వచ్చు వెలుగున తీయవలెను. ఫ్లాష్ వేయరాదు, అది మెఱుపు మరకను మిగిల్చి అక్షరములను మింగును. చేతితో మీట నొక్కక, కొన్ని సెకండ్ల వ్యవధి పెట్టినచో కదలిక యుండదు. రా ఫైలుగ నుంచినచో వెలసిన సిరాను పిమ్మట కంప్యూటరుపై కొంత పైకి తేవచ్చును.

చిన్నదానికిని ఇంటిలో ఒక ప్రత్యేకమైన పని కలదు. దానికి మైక్రోస్కోపు పద్ధతి యొకటి యున్నది. లెన్సునుండి ఒక్క సెంటీమీటరు దూరములోని వస్తువును గూడ స్పష్టముగ పట్టును. ముద్రల అంచులు, స్టాంపు కాగితముపై అరిగిన అక్షరములు, తాటియాకుపై గంటము గీచిన గీత — వీనిని పాత కెమెరా ప్రత్యేకమైన లెన్సు లేనిదే చూడజాలదు. ఇక పొలములలోని రాళ్ళు, గుడి గోడలపై వ్రాతలు, వానలో, ధూళిలో తీయవలసినవి యన్నియు చిన్నదాని వంతు. అది తీసినచోటును జీపీఎస్ ద్వారా తనంతట తాను వ్రాసికొనును; ఏ ఊరి పొలిమేరలో ఏ రాయి చూచితిమో పిమ్మట వెదకుకొనవచ్చును.

పాతదానిని ఉంచుకొనుట యనగా బీరువాలో పెట్టుట కాదు. మన సముద్రపు గాలి తేమతో కూడినది. చీకటిలో, గాలి లేక మూసిపెట్టిన లెన్సుపై బూజు పట్టును. ఒక లెన్సు అట్లు పాడైనదియు నా బీరువాలోనే. సిలికా జెల్ పొట్లములు వేసి గాలి చొరని డబ్బాలో నుంచి, పొట్లములను అప్పుడప్పుడు మార్చుచు, పక్షమున కొకమారైనను బయటికి తీసి వాడవలెను. దాని షట్టరు లక్ష మారులు పనిచేయునట్లు పరీక్షింపబడినది, వాడుటకు జంకవలదు. అది 32 జీబీ ఎస్‌డీహెచ్‌సీ కార్డు వఱకే స్వీకరించునని గుర్తుంచుకొనవలెను. అంతకు పెద్ద కార్డు కొని తెచ్చి, కెమెరా చెడిపోయినదనుకొనరాదు.

"అందరి చేతులలోను మంచి ఫోనులుండగా ఈ రెండును ఎందుకు?" అని మన యువకులడుగుచున్నారు. మంచి ప్రశ్నయే. ఫోను బొమ్మలు నేడు మెచ్చదగినవే. ఏదియు లేనిచోట ఫోనుతోనైనను తీయుడు. కాని ఫోనుమీద ఐపీ68 అని యున్నంతమాత్రమున సముద్రపు నీట ముంచరాదు. ఆ పరీక్ష మంచినీట జరుపునది. అంతకంటె ముఖ్యమైనదేమనగా, ఫోనులోని బొమ్మ ఒకరి సొత్తు. అది వాట్సాప్‌లో పంపినప్పుడు కుంచించుకొనిపోవును. ఫోను మార్చినప్పుడు మాయమగును. సంఘపు కెమెరా, సంఘపు కార్డు, సంఘపు పుస్తకము — ఇవి యున్నచో పని యొకరితో మొదలై ఒకరితో ముగియదు.

చివరగా రెండు మాటలు. ఈ రెండు కెమెరాలకంటెను ముఖ్యమైనవి.

మొదటిది ప్రతుల సంగతి. బొమ్మ తీసినంతమాత్రమున దాచినట్లు కాదు. మూడు ప్రతులు చేయవలెను. రెండు వేర్వేరు విధముల సాధనములపై నుంచవలెను. ఒకటి వేరొక యూర నుండవలెను. ఆ యూరు విశాఖపట్టణము కావచ్చునని మొదట తలచితిమి. కాని ఫైలిన్ వచ్చిన సరిగ్గ ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్టణమునే తాకినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరము దాటినది. కావున మూడవ ప్రతి సముద్రమునకు దూరముగ, హైదరాబాదులోని మన బంధువుల యింట నుండుట మేలు.

రెండవది పేరుల సంగతి. మా యింటిలో ఒక పాత ఫోటో కలదు. నలుగురు స్త్రీలు వరుసగ నిలిచియున్నారు. వెనుక నేమియు వ్రాసిలేదు. వారిలో ఒకరు మా ముత్తవ్వ. ఎవరో చెప్పగలవారు నేడు లేరు. కెమెరా ఎంత గొప్పదైనను పేరు తీయదు. పేరు మనమే వ్రాయవలెను: ఎవరు, ఏ ఊరివారు, ఎవరికేమగుదురు, ఏ సంవత్సరము. ఆ పనిని మన పిల్లలకప్పగింపవలెనని నా మనవి. మన పిల్లలు బడిలో ఒడియాయు, ఇంగ్లీషును నేర్చుచున్నారు, అవి నేర్వవలసినవే. కాని వారిలో పెక్కురకు తెలుగున తమ పేరు వ్రాసికొనుట రాదు. ప్రతి ఆదివారము ఒక గంట, ఒక పెద్దామె ప్రక్కన ఒక పిల్లవాడు కూర్చుండి, ఒక్కొక్క బొమ్మ క్రింద నాలుగు తెలుగు మాటలు వ్రాయనిండు. తప్పులు వ్రాసినను వ్రాయనిండు. అవ్వ పేరు వ్రాయుటకు నేర్చిన అక్షరమును ఎవ్వరును మరువరు.

కావున అమ్మకపు తీర్మానమునకు బదులుగ ఈ తీర్మానమును ప్రతిపాదించుచున్నాను. పాత కెమెరా అమ్మబడదు. దానికొక 50 మిల్లీమీటర్ల లెన్సు సంఘము సొంతముగ కొనవలెను. పరీక్షకు నేను తెచ్చినది ఎరువు తెచ్చినది. చిన్నదానికి రబ్బరు అంచులు మార్పింపవలెను. రెండింటిని నా బీరువానుండి తీసి, ఇద్దరు యువకుల చేతికీయవలెను. వాన కురియుచుండగా ఎవరైన కబురంపినచో, వెలిసిన పిమ్మట వత్తుమని చెప్పరాదు.